పైరవి అక్కరలేని పాఠం

తత్త్వశాస్త్ర అధ్యాపకుడు తరగతి గది దాటి మైకు ముందుకు రావడం ఇరవయ్యో శతాబ్దపు విద్యాచరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగిన పరిణామం. లండన్‌లోని బర్క్‌బెక్ కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించిన సి.ఇ.ఎం. జోడ్, 1941లో బీబీసీ ప్రారంభించిన ‘బ్రెయిన్స్ ట్రస్ట్’ కార్యక్రమంలో శ్రోతలు పంపిన ప్రశ్నలకు సమాధానాలు చెబుతూ, ఏ ప్రశ్న వచ్చినా ముందు అందులోని మాటకు అర్థం తేల్చుకున్న తర్వాతనే జవాబుకు పూనుకోవాలని పట్టుబట్టి, యుద్ధకాలపు బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన మనిషి అయ్యారు. 1948లో అదే సంస్థ రీత్ ప్రసంగాల పేరిట ఏటేటా ఒక మేధావి చేత వరుస ఉపన్యాసాలు ఇప్పించే ఆనవాయితీని మొదలుపెట్టినప్పుడు, తొలి ప్రసంగకర్తగా ఎంచుకున్నది కూడా తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్‌నే. మద్రాసు, మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డ్‌లలో తత్త్వశాస్త్రం బోధించి, 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్, 1962లో రాష్ట్రపతి అయిన తర్వాత ఆకాశవాణి ద్వారా జాతిని ఉద్దేశించి మాట్లాడినప్పుడు, ఆ మాటల్లో పాలకుడి కంటే అధ్యాపకుడే ఎక్కువగా వినిపించేవారు.

ఈ ముగ్గురి గొంతులూ లక్షల మందికి చేరాయి. అయితే విన్నంత మాత్రాన వినేవారు విద్యార్థులు కాలేదు. శ్రోతకు, విద్యార్థికి మధ్య ఉన్న ఎడం చిన్నదేమీ కాదు: విద్యార్థికి పుస్తకం అందుతుంది, సందేహం అడిగే హక్కు ఉంటుంది, పరీక్ష రాసే వీలుంటుంది, చివరకు పట్టా చేతికి వస్తుంది, శ్రోతకు మిగిలేది జ్ఞాపకం ఒక్కటే. ఆ ఎడాన్ని తగ్గించడాన్నే తన వృత్తి జీవితంలోని రెండో సగానికి పనిగా పెట్టుకుని, దానికి చట్టం, సంస్థ, పాఠ్యపుస్తకం, ప్రసార సమయం అన్నీ సమకూర్చినవారు కరీంనగర్ జిల్లా మైలారంలో 1929 డిసెంబర్ 4న పుట్టిన ఆచార్య జి. రాంరెడ్డి. ఆయన బోధించినవి తత్త్వశాస్త్రం కాక రాజనీతి శాస్త్రం, ప్రభుత్వ పాలనా శాస్త్రం. కానీ ఎవరు పాలించాలి, ఎందుకు విధేయులై ఉండాలి, న్యాయం అంటే ఏమిటి అన్న ప్రశ్నలతో ప్లేటో, అరిస్టాటిల్ మొదలుపెట్టిన విచారణకు వారసురాలే రాజనీతి శాస్త్రం కనుక, ఆయనను తత్త్వబోధకుల వరుసలో నిలబెట్టడం అన్యాయం కాదు.

ఆయన పుట్టిన కాలపు కరీంనగర్ నిజాం రాజ్యంలోని జిల్లా. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఇంగ్లీషులో కాక ఉర్దూలో బోధించి దేశంలోనే కొత్త దారి తొక్కింది. పాఠ్యపుస్తకాల కోసం, సాంకేతిక పదాల కోసం అంతకు ముందే, 1917లో, ఒక అనువాద సంస్థ కూడా ఏర్పడింది. భారతీయ భాషలో డిగ్రీ చదువు సాధ్యమేనని నిరూపించిన ఘనత ఆ ప్రయోగానిది. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే మైలారం, సిరిసిల్ల, ధర్మపురి పిల్లలకు ఆ భారతీయ భాష కూడా బడిలో కొత్తగా నేర్చుకోవలసిన భాషే. 1931లో హనుమాజీపేటలో పుట్టి, తర్వాత తెలుగు ఆచార్యులై జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న సి. నారాయణరెడ్డి సైతం సిరిసిల్ల, కరీంనగర్‌లలో ఉర్దూ మాధ్యమంలోనే చదువుకోవలసి వచ్చింది. ఇదే నేల మీద, కరీంనగర్‌కు చేరువలోని కురిక్యాల బొమ్మలగుట్ట బండపై, పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం చెక్కించాడన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. తెలుగులో తొలి కంద పద్యాలుగా పండితులు గుర్తించినవి అందులోనివే. దారిన పోయేవారిలో ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలో చదువుకోనిచ్చిన ఆ బండకు, వెయ్యేళ్ల తర్వాత అదే జిల్లా పిల్లలు ఎదుర్కొన్న బడికి మధ్య తేడా ఆలోచింపజేసేది.

ఉస్మానియాలో అధ్యాపకులైన రాంరెడ్డి పరిశోధనకు ఎంచుకున్నది రాజ్యాంగ సూత్రాలను కాదు, గ్రామ పాలనను. 1959 అక్టోబర్ 11న షాద్‌నగర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా మొదలై, అదే ఏడాది నవంబర్‌లో రాష్ట్రమంతటికీ విస్తరించిన పంచాయతీరాజ్, అంటే గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్ అనే మూడంచెల స్థానిక పాలన, కాగితం మీద చెప్పిన అధికారం ఊరిలో ఎవరి చేతికి చేరుతున్నది అన్న ప్రశ్నను ఆయన ముందుంచింది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధిపై 1974లో వెలువడిన అధ్యయనం, దేశంలోని వివిధ రాష్ట్రాల పంచాయతీ విధానాలపై 1977లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన సంపుటం ఆ రంగంలో ఆయనకు స్థిరమైన పేరు తెచ్చాయి. అయితే ఆయన ఆలోచనకు అసలైన తాళంచెవి వాటి తర్వాత వచ్చిన ఒక చిన్న వ్యాసంలో ఉంది.

1985 నవంబర్‌లో ‘ఏషియన్ సర్వే’ అనే అంతర్జాతీయ పత్రికలో, సహ ఆచార్యులు జి. హరగోపాల్‌తో కలిసి రాంరెడ్డి ప్రచురించిన ఆ వ్యాసం శీర్షికలోని మొదటి మాట ‘పైరవీకారు’. ఒకరి వెంట నడవడం, ఒక పనిని వెంబడించడం అన్న అర్థంలో పారశీకం నుంచి ఉర్దూ మీదుగా తెలంగాణ వాడుకలోకి వచ్చిన మాట పైరవి. ఆఫీసుల చుట్టూ తిరిగి ఇతరుల పనులు చేయించిపెట్టే మనిషి పైరవీకారు. అప్పు కావలసిన రైతుకు దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందో తెలియదు, దొరికినా నింపడం రాదు, నింపినా దాన్ని ఏ బల్ల మీద పెట్టాలో, ఏ గుమాస్తాను ఏ వేళకు కలవాలో, పహాణీ (భూమి రికార్డు) నకలు ఎవరి సంతకంతో చెల్లుతుందో తెలియదు. ఇవన్నీ తెలిసినవాడు ఆఫీసు గేటు దగ్గరి చాయ్ హోటల్లో కూర్చుని ఉంటాడు. కాగితం తీసుకుంటాడు, లోపలికి వెళతాడు, తిరిగొచ్చి రేపు రమ్మంటాడు. ప్రభుత్వానికి, పౌరుడికి మధ్య ఏర్పడిన ఖాళీలో పుట్టిన ఈ వ్యక్తిని కేవలం అవినీతిపరుడిగా తీసిపారేయకుండా, అతడు ఎందుకు అవసరమయ్యాడో, పేదవాడు తన హక్కును అతడి దయగా ఎందుకు భావించవలసి వస్తున్నదో విశ్లేషించడం ఆ వ్యాసంలోని గొప్పదనం. పండిత పత్రికలో తెలుగు పల్లె మాటను తెలుగు మాటగానే నిలబెట్టి, దానిని ఒక శాస్త్ర భావనగా మార్చడం మామూలు సంగతి కాదు.

ఈ వ్యాసాన్ని పాలనా శాస్త్రపు అల్మారాలో, ఆయన స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయాలను విద్యా చరిత్ర అల్మారాలో వేర్వేరుగా పెట్టడం పరిపాటి. నిజానికి రెండూ ఒకే ప్రశ్నకు సంబంధించినవి. తహసీలు ఆఫీసుకు ఉన్నట్టే విశ్వవిద్యాలయానికీ ఒక గేటు ఉంది. అక్కడా ఇంటర్మీడియట్ ధ్రువపత్రం, వయసు, హాజరు, హాస్టల్ ఖర్చు, నగరంలో తెలిసినవారు అనే కాగితాలు అడుగుతారు. అవి లేనివారు బయట నిలబడతారు. మధ్య మనిషి అవసరం లేకుండా చదువు నేరుగా ఇంటికి చేరడం ఎలా అన్నదే రాంరెడ్డి తనకు తాను వేసుకున్న ప్రశ్న అనుకుంటే, 1977 నుంచి ఆయన చేసిన పని అంతా ఒక్క తీగకు గుచ్చిన పూసల్లా కనిపిస్తుంది.

1977లో ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. అదే ఏడాది అక్కడ కరస్పాండెన్స్ కోర్సుల సంస్థ మొదలైంది. ఇక్కడ మూడు మాటల మధ్య తేడా చెప్పుకోవాలి. కరస్పాండెన్స్ అంటే టపాలో పాఠాలు పంపడం. ప్రవేశ నియమాలు మాత్రం మామూలు కళాశాలవే. దూరవిద్య అంటే అచ్చు పాఠానికి తోడు రేడియో, టెలివిజన్, క్యాసెట్లు, అప్పుడప్పుడు ముఖాముఖి తరగతులు కలిపి, ఎదుట లేని విద్యార్థి కోసమే పాఠాన్ని మొదటి నుంచీ కొత్తగా తయారుచేయడం. సార్వత్రిక విద్య అంటే అంతకు మించి, ప్రవేశ ద్వారాన్నే తెరవడం: నిర్ణీత వయసు దాటిన వ్యక్తికి ఏ ధ్రువపత్రం లేకపోయినా, అర్హత పరీక్ష ఒకటి రాసి డిగ్రీలో చేరే హక్కు ఇవ్వడం. దూరవిద్య ఒక పద్ధతి, సార్వత్రిక విద్య ఒక విలువ. పద్ధతిని స్వీకరించి విలువను వదిలేసిన సంస్థలు దేశంలో అప్పటికీ ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

బ్రిటన్‌లో హెరాల్డ్ విల్సన్ 1963లో ‘గాలిలో విశ్వవిద్యాలయం’ పేరుతో ప్రతిపాదించిన ఆలోచన 1969లో ఓపెన్ యూనివర్సిటీగా రూపుదిద్దుకుని, 1971 జనవరిలో బీబీసీ ప్రసారాల తోడుతో బోధన మొదలుపెట్టింది. ఆ నమూనాను తెలుగు నేలకు తగినట్టు మలచి, 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా అందరికీ తెలిసినది. తొలి ఉపాధ్యక్షులు రాంరెడ్డి. పేరులోనే గాలిని పెట్టుకుని పుట్టిన ఆలోచనకు ఇక్కడ ఆయన అచ్చు పుస్తకాన్నే వెన్నెముకగా పెట్టి, రేడియో పాఠాన్ని, జిల్లాల్లోని అధ్యయన కేంద్రాల్లో సెలవు దినాల తరగతులను దానికి తోడుగా అమర్చారు. ప్రసారం మీద ప్రేమ లేకనో నమ్మకం లేకనో చేసిన పని కాదిది; విద్యార్థి ఎవరో తెలిసి చేసిన పని.

ఆ విద్యార్థిని కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వెతికితే సంగతి తేటపడుతుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు గనుల్లో పనిచేసే కార్మికుడికి ఈ వారం పగటి షిఫ్టు అయితే వచ్చే వారం రాత్రి షిఫ్టు. రేడియో పాఠం మాత్రం ప్రతి వారం ఒకే వేళకు వస్తుంది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పనిచేసేవారికి పక్కనున్న మనిషి మాటే సైగలతో గాని అర్థం కాదు. ఆ చప్పుడులో రేడియో ఎంత గట్టిగా పెట్టినా అది పాఠం వినే తావు కాదు. బీడీలు చుట్టే స్త్రీకి చేతులు ఖాళీ ఉండవు కాని చెవులు ఖాళీగా ఉంటాయి. ఆమెకు రేడియో పాఠమే అన్నిటికంటే అనువైనది, చదవవలసిన పుస్తకం రాత్రి దాకా ఆగవలసినది. ఒకే సాధనం ఒకరికి ద్వారం, మరొకరికి గోడ అవుతుందని గ్రహించినవారే పుస్తకం, ప్రసారం, తరగతి మూడింటినీ పేనగలుగుతారు.

రేడియో పాఠం తయారీ కూడా అధ్యాపకుడికి కొత్త చదువే. నల్లబల్ల ఉండదు కనుక ‘ఇదిగో ఇక్కడ చూడండి’ అనడం కుదరదు. పటం గీయడానికి వీలుండదు కనుక మూడంచెల పంచాయతీని మాటలతోనే మెట్లు మెట్లుగా కట్టి చూపాలి. తరగతిలో విద్యార్థుల ముఖాలు చూసి, అర్థం కాలేదని తెలిసి, మళ్లీ చెప్పే అలవాటున్న వ్యక్తికి గాజు పలక అవతల ఇంజనీరు ముఖం తప్ప మరేమీ కనిపించదు. ఎర్ర దీపం వెలిగిన తర్వాత కాగితం తిప్పిన సవ్వడి సైతం మైకులో గాలిదుమారంలా వినిపిస్తుంది. అందుకే పుటలను కలిపి కుట్టకుండా విడివిడిగా ఉంచుకుని, చదవడం అయిన పుటను చప్పుడు కాకుండా పక్కకు జరపడం ముందుగా నేర్చుకోవాలి. పుటన్నర పొడవు వాక్యం రాసే పండితుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక తడబడి, రెండో పాఠానికి వాక్యాన్ని తానే విరుచుకుంటాడు. తెలుగు విశ్వవిద్యాలయ వచనం సుబోధం కావడానికి ఈ స్టూడియో గదులు చేసిన మేలును సాహిత్య చరిత్రకారులు ఇంకా సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు.

డిగ్రీ పాఠం తెలుగులో రాయాలంటే మాటలు కావాలి. సార్వభౌమాధికారం, వికేంద్రీకరణ, అధికార యంత్రాంగం వంటి పదాలను విద్యార్థి నోట నిలిచేలా స్థిరపరచే పనికి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అంతకు ముందే పునాది వేసింది. దాని తొలి అధ్యక్షులు, అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి. నరసింహారావు కరీంనగర్ జిల్లా వంగర గ్రామంలో పెరిగినవారు. 1985లో రాంరెడ్డి ఢిల్లీకి వెళ్లినప్పుడు సార్వత్రిక విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్ష స్థానానికి వచ్చినవారు సి. నారాయణరెడ్డి. మనిషినే నాయకుడిగా నిలిపిన తాత్త్విక కావ్యం ‘విశ్వంభర’ రాసిన కవి, ధ్రువపత్రం లేని మనిషికి తలుపు తెరిచే సంస్థను 1989 వరకు నడిపారు. ఉర్దూ బడిలో చదివిన తెలుగు కవి చేతికి, తెలుగులో డిగ్రీ పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయం అలా అందింది.

ఢిల్లీలో రాంరెడ్డి కోసం ఎదురుచూసిన పని ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985 సెప్టెంబర్‌లో దాని చట్టం వచ్చింది. ఆ నెలాఖరులోనే పి.వి. నరసింహారావు కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యారు. ఆయన హయాంలో రూపొందిన 1986 జాతీయ విద్యా విధానం సార్వత్రిక విశ్వవిద్యాలయ వ్యవస్థకు ప్రత్యేకంగా చోటిచ్చింది. ఆ విశ్వవిద్యాలయపు తొలి ఉపాధ్యక్షులుగా రాంరెడ్డి 1989 వరకు పనిచేశారు. 1987లో రెండే డిప్లొమా కోర్సులతో, 4,528 మంది విద్యార్థులతో బోధన మొదలైంది. అందులో ఒకటి మేనేజ్‌మెంట్, రెండోది దూరవిద్య. దూరవిద్యనే ఒక విషయంగా బోధించడం, అంటే కొత్త తరహా బోధకులను ముందుగా తయారుచేసుకోవడం, దూరదృష్టితో చేసిన ఎంపిక. 1988లో ఆయన సంపాదకత్వంలో వెలువడిన సార్వత్రిక విశ్వవిద్యాలయాల సంపుటానికి, దంతపు మేడల తలుపులు తెరుచుకున్నాయన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ విశ్వవిద్యాలయమే 2001లో ‘జ్ఞానవాణి’ పేరుతో చదువుకే అంకితమైన ఎఫ్.ఎం. రేడియోను ప్రారంభించింది, కానీ అప్పటికి ఆయన లేరు.

రాంరెడ్డి కృషి తాకని చోటు కూడా ఉంది, దాన్ని దాటవేయడం ఆయన పట్ల గౌరవం అనిపించుకోదు. తెలుగులో పాఠం అందడం మైలారం పిల్లవాడికి న్యాయం. ఉట్నూరు, జైనూరు గూడేల్లోని గోండు, కొలాం పిల్లలకు తెలుగు కూడా బడిలో ఎదురయ్యే కొత్త భాషే. నిజాం పాలనపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం పిలుపు మీద ఆదిలాబాద్ అడవులకు వచ్చిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ చిక్కును ముందే పట్టుకున్నారు. మానవశాస్త్రం అంటే మనుషుల సమాజాలను, ఆచారాలను వారి మధ్యే ఉండి అధ్యయనం చేసే శాస్త్రం. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలై, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. ఆ ప్రయత్నం తర్వాతి దశాబ్దాల్లో సన్నగిల్లింది. 1986 అక్టోబర్ 12న ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం ప్రారంభమై, క్రమంగా గోండీ, కొలామీ మాటలను, పాటలను ప్రసారంలోకి తెచ్చినప్పుడు మళ్లీ ఆ భాషలకు ఊరు దాటి వినిపించే గొంతు వచ్చింది. స్థానిక రేడియో అంటే రాష్ట్రం మొత్తానికి కాక ఒక జిల్లా పరిధికి, అక్కడి భాషల్లో, అక్కడి అవసరాల మీద మాట్లాడే కేంద్రం. 1984లో నాగర్‌కోయిల్‌లో మొదలైన ఆ ప్రయోగపు తొలినాటి కేంద్రాల్లో ఆదిలాబాద్ ఒకటి. అక్కడి ప్రసారాల్లో వాడుకకు వచ్చిన గోండీ మాటలు డిగ్రీ పాఠ్యపుస్తకం దాకా నడిచి రావలసి ఉంది.

1991లో రాంరెడ్డి విశ్వవిద్యాలయ నిధుల సంఘం అధ్యక్షులయ్యారు. భారత ఉన్నత విద్యలోని అనుసరణ, సంక్షోభం, నవకల్పనల గురించి ఆయన రాసిన గ్రంథం 1995లో వెలువడింది. ఆ ఏడాదే జూలై 2న ఆయన లండన్‌లో కన్నుమూశారు. ఉస్మానియాలో ఆయన ఉపాధ్యక్షులైన ఏడాది టపా పాఠాలతో మొదలైన సంస్థకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. మంచిర్యాల నుంచో ఆసిఫాబాద్ నుంచో దూరవిద్యలో చేరాలనుకునే విద్యార్థి ఈ రోజుల్లో దరఖాస్తును ఆన్‌లైన్‌లో పంపాలి, రుసుము కూడా అక్కడే కట్టాలి. ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది తండ్రితో పాటు పనికి వెళ్లే కుటుంబాల్లో, ఓటీపీ ఎవరి నెంబరుకు రావాలన్నది తేల్చుకోవడమే ఆ విద్యార్థి రాయవలసిన మొదటి పరీక్ష అవుతున్నది. అందుకని చాలామంది బస్టాండు పక్కనున్న ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, అక్కడి కుర్రవాడికి పదో తరగతి మెమో, ఆధార్ జిరాక్సు, ఫోటో ఇచ్చి, అతడు ఏ గడిలో ఏం నింపుతున్నాడో చూడకుండానే పక్కన నిలబడుతున్నారు. పైరవీకారు వ్యాసాన్ని ముందుకు తీసుకువెళ్లదలచిన పరిశోధకులు ఇప్పుడు వెళ్లి కూర్చోవలసిన చోటు ఆ కంప్యూటర్ బల్ల దగ్గరే.